కబుర్లకు ఆగే మనిషి

మా ఆయన గడియారాలు బాగుచేస్తాడు. వీధిలో అందరూ ఆయన్ని కబుర్ల గడియారం అంటారు. మొదలుపెడితే ఆగడని కాబోలు. నేనైతే దారిలో ఆగుతాడనే పోట్లాడేదాన్ని.

సాయంత్రం కొట్టు కట్టేశాక ఇద్దరం కలిసి నడిచి ఇంటికి వెళ్తాం. ఇల్లు వీధి చివర, ఎత్తు మీద ఉంది. దర్జీ కొట్టు దగ్గర ఆగి, "ఏం తమ్ముడూ, కొత్త మిషను ఎలా కుడుతోంది?" అంటాడు. పది అడుగులు వేసి, తాళాలు చేసే ముసలాయన్ని మోకాళ్ళ నొప్పి సంగతి అడుగుతాడు. కూరల సంచితో పక్కన నిలబడ్డ నాకు ఒళ్ళు మండిపోయేది. పోయినేడాది ఇద్దరి దగ్గర ఆగేవాడు. ఈ ఏడాది ఐదుగురయ్యారు. వయసుతో పాటు నోరూ పెరుగుతోందనుకున్నాను.

ఈమధ్య ఆయన్ని హెర్నియా ఆపరేషను కోసం ఆసుపత్రికి తీసుకెళ్తే, వయసూ షుగరూ చూసి డాక్టరమ్మ గుండె పరీక్షలు కూడా రాసింది. మామూలు ఈసీజీలో ఏమీ లేదు.

"ట్రెడ్‌మిల్ మీద కూడా నడిపించి చూద్దాం. పడుకున్నప్పుడు కనబడనిది శ్రమపడితే బయటపడుతుంది" అంది.

"నడకేగా, రోజూ చేసేదే" అంటూ మా ఆయన చొక్కా విప్పి హుషారుగా ఎక్కాడు. టెక్నీషియన్ అమ్మాయి ఛాతీ నిండా వైర్లు అంటించింది.

"మూడు నిమిషాలకోసారి వేగం, ఎత్తు పెరుగుతాయి బాబాయ్‌గారూ. ఏమాత్రం నొప్పిగా ఉన్నా చెప్పండి" అంది. నన్ను మూలనున్న కుర్చీలో కూర్చోబెట్టారు.

మొదటి మూడు నిమిషాలు రాజాలా నడిచాడు. తర్వాత మిషను ఇంకాస్త పైకి లేచింది.

"అమ్మాయ్, మీ గోడగడియారం రెండు నిమిషాలు వెనకుంది. ఒక్కసారి దీన్ని ఆపితే సరిచేసి పెడతాను."

"తర్వాత చేద్దురుగాని, నడవండి."

"పోనీ, మీ నాన్నగారేం చేస్తారమ్మా? కాస్త ఆపు, తీరిగ్గా మాట్లాడుకుందాం."

ఆ అమ్మాయి నవ్వింది. నాకు నవ్వు రాలేదు. ఈ గొంతు నాకు తెలుసు. దర్జీ కొట్టు దగ్గర వినబడే గొంతే ఇది. అక్కడ ఎడమచెయ్యి చొక్కా రెండో గుండీ మీద పెట్టుకుని మాట్లాడతాడు. ఇప్పుడు చొక్కా లేదు, గుండీ లేదు. చెయ్యి మాత్రం అక్కడికే వెళ్ళింది.

గబుక్కున లేచాను. "డాక్టరమ్మా, ఆయన కబుర్లు చెప్పడం లేదు. ఆయనకి నొప్పొస్తోంది."

డాక్టరమ్మ అప్పటికే తెర మీద గీతలు చూస్తోంది. అవి ఉండాల్సిన చోటు నుంచి కిందికి దిగిపోయాయట. వెంటనే మిషను ఆపించింది.

మర్నాడు యాంజియోగ్రాం చేస్తే, గుండె రక్తనాళాల్లో రెండు దాదాపు మూసుకుపోయి ఉన్నాయి. ఇంకొన్నాళ్ళు ఇలాగే కబుర్లతో నెట్టుకొచ్చి ఉంటే పెద్ద గుండెపోటే వచ్చేదని డాక్టరమ్మ చెప్పింది. స్టెంట్లు వేశారు.

వార్డులో ఆయన్ని దులిపేశాను. "ముప్పై ఏళ్ళుగా పక్కనే నడుస్తున్నాను. నాతో ఒక్క ముక్క చెప్పకూడదా?"

"చెబితే నడక మాన్పించి బండెక్కిస్తావు" అన్నాడు మెల్లిగా. "రోజంతా ఆ గడియారాలతోనే సరిపోతుంది. నీతో గడిపేది ఆ ఎత్తు ఎక్కేంతసేపే కదా."

తిట్టబోయినదాన్ని ఆయన దుప్పటి సర్దాను. ఏడుపొచ్చింది.

ఇక నడవొచ్చని డాక్టరమ్మ చెప్పిన రోజు మా ఆయన దర్జీ కొట్టు దాటుకుని చకచకా వెళ్ళిపోయాడు. దర్జీ గుమ్మంలోకొచ్చి, "వదినా, అన్నయ్యకి నామీద కోపమొచ్చిందా?" అని నన్నడిగాడు.

ఇంటి గుమ్మం ఎక్కి మా ఆయన చేతి గడియారం చూసుకున్నాడు. "పదకొండు నిమిషాలు. ఎక్కడా ఆగలేదు, చూశావా?" అన్నాడు. అంతలోనే ముఖం మారింది. "పాపం, దర్జీ ఏమనుకున్నాడో. ఓ మాట మాట్లాడి వస్తాను."

వెనక్కి తిరిగి దిగిపోయాడు. సంచి పట్టుకుని నేనూ దిగాను. వెళ్ళగానే ముందు ఆయన ఎడమచెయ్యి ఎక్కడుందో చూశాను. రెండు చేతులూ గాల్లో తిప్పుతూ మాట్లాడుతున్నాడు.

సంచి కింద పెట్టి, మాట్లాడనీ అనుకుంటూ పక్కనే నిలబడ్డాను.