తలుపు తెరుచుకోకముందు

ఉతికిన బట్టలు మడతపెడుతూ నేను ఒక హత్య గురించి ఆలోచిస్తున్నాను. కంగారు పడకండి, నేను చేయబోయేది కాదు, మా ఆయన చేయించింది. ఆయన సినిమా దర్శకుడు. కొత్త సినిమా థ్రిల్లర్. మొదలవగానే ఒక ఇల్లాలు ఇంట్లో ఒంటరిగా ఉంటుంది, ఎవడో వస్తాడు, సీను అయ్యేసరికి ఆమె ఉండదు. అది చూసి జనం ఊపిరి బిగబట్టాలి. తీరా నిర్మాతగారికి చూపిస్తే ఆవిడ ఆవలించి ఫోన్ తీసి చూసుకున్నారట. ఆ సాయంత్రం మా ఆయన ఇంటికొచ్చి, బూట్లు విసిరేసి, హార్డ్ డిస్క్ నా ముందు పడేసి అన్న మాట ఒక్కటే: "కాస్త సర్దు."

సర్దడం మా ఇంట్లో నా శాఖ. అల్మరాలు, అత్తగారి మందుల డబ్బా, పాప స్కూలు బ్యాగు, చుట్టాల ముందు ఆయన నోరు జారితే ఆ మాట, ఇప్పుడు ఈ హత్య.

నేను ఎడిటర్‌ని. ఈ మాట పైకి అని చాలా కాలమైంది. పెళ్ళికి ముందు ఒక స్టూడియోలో పని చేసేదాన్ని. ఇరుకు గదిలో నలుగురం కూర్చుని ఒక షాట్ ఎక్కడ ఆపాలా అని పోట్లాడుకుని, టీ తాగి, మళ్ళీ పోట్లాడుకునేవాళ్ళం. పెళ్ళయ్యాక ఆయన, "నీకెందుకు ఆ తిరుగుడు? ఇంట్లోనే సిస్టమ్ పెట్టిస్తాను, రాణీలా చేసుకో" అన్నారు. పెట్టించారు కూడా, వంటగది పక్కన సామాన్ల గదిలో. ఒక పక్క చుట్టిపెట్టిన పాత పరుపు, ఇంకో పక్క కాలు విరిగిన ఇస్త్రీ బల్ల, మధ్యలో రాణి. అత్తగారికి నేనేం చేస్తానో ఇప్పటికీ అంతుపట్టలేదు. "పొద్దస్తమానం బొమ్మలు చూడ్డమేగా, కూర్చున్నచోటే ఆ బఠాణీలు కూడా వలవచ్చుగా" అంటారు. వలిచాను కూడా. ఒక యుద్ధం సీను కట్ చేసినంతసేపూ ఒడిలో చేట పెట్టుకుని బఠాణీలు వలిచాను. ఆ సినిమాకి టైటిల్స్‌లో "ఎడిటింగ్, దర్శకత్వం" అని కలిపి ఆయన పేరే పడింది. అదేంటండీ అంటే, "నీదీ నాదీ వేరా?" అన్నారు. జీతం అడగని మనిషిని పేరు గురించి అడగనిస్తారా!

ఈసారి మాత్రం ఆయనే ఒక మాట అన్నారు. "ఈ ఓపెనింగ్ గనక పండితే, నిర్మాతగారి ఆఫీసులో ఎడిటర్ కావాలంటున్నారు, తర్వాతి సినిమాకి నువ్వెళ్ళి అక్కడే చేసుకో. నేనేమీ అనను." చంటిపిల్లకి చాక్లెట్ ఆశ చూపినట్టు, అద్దంలో తల దువ్వుకుంటూ అన్న మాట. ఆయన అప్పుడే మర్చిపోయి ఉంటారు. నేను పట్టుకున్నాను. నాకు కావలసింది ఉద్యోగం హోదా కాదు, పక్క కుర్చీలో ఒక మనిషి. "ఇక్కడ ఆపితే ఎలా ఉంటుంది?" అని అడిగితే "ఊహూ, ఇంకాసేపు ఉంచు" అనే ఒక గొంతు. ఇన్నేళ్ళుగా ఆ ప్రశ్న నేను ఆ పాత పరుపునే అడుగుతున్నాను.

అందుకని ఆ హత్యకి నడుం బిగించాను. ఆయన తీసిన సీనులో అన్నీ ఉన్నాయి, భయం తప్ప. ఉరుములు, మెరుపులు, ఆరి వెలిగే దీపం, మెట్లెక్కే నల్ల బూట్లు, తళుక్కుమనే కత్తి, వెనకాల చెవులు చిల్లులు పడే సంగీతం. భయపడండి, భయపడండి అని చెవి మెలిపెట్టి చెబుతుంటే ఎవరికి భయమేస్తుంది? విసుగేస్తుంది. ముందు సంగీతం మొత్తం తీసేశాను. గది నిశ్శబ్దమైంది. తర్వాత కత్తి తీసేశాను. బూట్లు తీసేశాను. చివరికి వాడినే తీసేశాను. వచ్చేవాడు కనిపించకూడదు. కనిపిస్తే వాడు ఫలానా మనిషి అయిపోతాడు, అంత ఎత్తు, అంత లావు, అంతే. కనిపించనంతసేపూ చూసేవాళ్ళు ఎవరికి తెలిసినవాణ్ణి వాళ్ళు తలుపవతల నిలబెట్టుకుంటారు.

కత్తి దిగేటప్పుడు భయం ఉండదు, అప్పటికి అంతా అయిపోతుంది. భయమంతా వాడు రాకముందు ఉంటుంది. ఆ సంగతి నాకు ఏ స్టూడియోలోనూ నేర్పలేదు. మా ఆయన నామీద ఏనాడూ చెయ్యెత్తలేదు. "బంగారం లాంటి మొగుడు, తాగడు, తిరగడు" అని మా అమ్మే అంటుంది. కానీ సాయంత్రం కారు తలుపు పడే తీరును బట్టి ఆ రాత్రి మా ఇల్లెలా ఉంటుందో నేను చెప్పగలను. మెల్లగా పడితే మామూలు మనిషి వస్తున్నట్టు. దభీమని పడితే గేటు గడియ కూడా గట్టిగానే పడుతుంది. తర్వాత బూట్లు, తర్వాత ఒక చిన్న దగ్గు, తర్వాత గాజు బల్ల మీద తాళాలు. ఇక మాటలుండవు. రోజుల తరబడి ఉండవు. నేనేం చేశానో, చేయలేదో నేనే వెతుక్కోవాలి. అన్నం వడ్డిస్తూ వెతుక్కుంటాను, దుప్పటి దులుపుతూ వెతుక్కుంటాను. ఆ మౌనంలో నాకు తోడు ఎవరూ ఉండరు, ఎవరికైనా చెబుదామంటే చెప్పడానికి అక్కడ జరిగిందేమీ ఉండదు.

ఆ నటి మొహంలో నాకు కావలసిన చూపు కోసం షూటింగ్‌లో తీసిందంతా గాలించాను. ఎక్కడా లేదు, కళ్ళు పెద్దవి చేసి అరుస్తోంది అంతే. దర్శకుడు కట్ చెప్పాక కూడా కెమెరా కాసేపు తిరుగుతూనే ఉంటుంది. మామూలుగా ఆ ముక్కలు ఎవరూ చూడరు. నేను చూశాను. ఒక దాంట్లో, కట్ అన్న కేక వినిపించాక, ఆ అమ్మాయి సింకు దగ్గర అలాగే నిలబడి ఉంది. డైలాగు తప్పు చెప్పినట్టుంది. మా ఆయన కుర్చీ జరిపిన చప్పుడు, ఆమె వైపు నడిచొస్తున్న చప్పుడు. ఆమె తిరగలేదు. మెడ దగ్గర నరం బిగిసింది, కుళాయి కింద చేతులు ఆగిపోయాయి, వీపుతో వింటోంది. "ఉండమ్మా" అన్నాను తెరతో, పైకే అన్నాను. ఆ షాట్‌ని ఎక్కడా తెంపకుండా, ఇక చాలు అని చూసేవాళ్ళకి అనిపించాక కూడా ఇంకాసేపు ఉంచాను. కట్ చేస్తే వాళ్ళు ఊపిరి పీల్చుకుంటారు, అందుకే కట్ చేయలేదు.

ఇక వచ్చేవాడి చప్పుడు. సిస్టమ్‌లో దాచిపెట్టుకున్న అడుగుల చప్పుళ్ళు ఎన్నో పెట్టి చూశాను. అన్నీ ఎవరివో, ఎక్కడికో వెళ్తున్నవి. ఒక సాయంత్రం ఫోన్‌లో రికార్డింగ్ నొక్కి చెప్పుల స్టాండు మీద పెట్టాను. ఆయన వచ్చారు. కారు తలుపు, గేటు, బూట్లు, దగ్గు, తాళాలు. అదృష్టమో దురదృష్టమో, ఆ రోజు దభీమన్న రోజే.

మర్నాడు మధ్యాహ్నం ఆ చప్పుణ్ణి ఆ అమ్మాయి వీపు మీద పరిచాను. చెవులకి పెట్టుకునే హెడ్‌ఫోన్ వైరు ఊడి ఉన్న సంగతి చూసుకోలేదు. స్పీకర్లలోంచి కారు తలుపు పడింది, గేటు గడియ పడింది. హాల్లో ఏదో కదిలినట్టయి తొంగి చూశాను. పాప రంగు పెన్సిళ్ళన్నీ గబగబా డబ్బాలో కుక్కుతోంది. అత్తగారు రిమోట్ అందుకుని టీవీ గొంతు తగ్గించి, పైట సర్దుకుని, సోఫాలో వాలి ఉన్న మనిషి నిటారుగా కూర్చున్నారు. బల్ల మీద తాళాలు పడ్డాయి. ఇద్దరూ తలుపు వైపు చూస్తున్నారు.

"ఏమ్మా, వీడేంటి అప్పుడే వచ్చాడు?" అన్నారు అత్తగారు, గొంతు తగ్గించి.

"రాలేదత్తయ్యా. సినిమాలోది."

ఆవిడ నన్ను కాసేపు చూశారు. తిడతారేమో అనుకున్నాను. "అట్లాంటివి కాస్త చిన్నగా పెట్టుకో, పిల్ల జడుసుకుంటుంది" అని మళ్ళీ టీవీ వైపు తిరిగారు. కానీ టీవీ గొంతు పెంచలేదు. సీను పండిందని నాకు అప్పుడే తెలిసింది. చాలా ఏడుపొచ్చింది. ఆయన్ని కన్న తల్లి కూడా ఆ బూట్ల చప్పుడు కోసం చెవులు రిక్కించి బతుకుతోందని ఇన్నేళ్ళూ పక్కపక్కనే ఉండి నేను చూడలేదు, ఆవిడా నన్ను చూడలేదు.

ఒకసారి చూడండి అంటే ఆయనకి తీరిక లేకపోయింది. నేరుగా మాటలూ చప్పుళ్ళూ కలిపే మిక్సింగ్ థియేటర్‌లోనే చూస్తానన్నారు. సౌండ్ ఇంజనీరుకి ఏదో సందేహం వచ్చి ఎడిటర్ ఉంటేనే అవుతుందనడంతో నన్ను కూడా కారెక్కించుకున్నారు. "అక్కడ పెద్దగా మాట్లాడకు, నేను చూసుకుంటాను" అన్నారు దారిలో.

చీకటి గదిలో నలుగురం. నిర్మాతగారు ముందు వరసలో, ఫోన్ ఒడిలో. సీను మొదలైంది. కుళాయి నీళ్ళు, ఆ వీపు. కారు తలుపు పడింది. ఆవిడ ఫోన్ తిరగేసి పెట్టారు. గేటు, బూట్లు, దగ్గు. తాళాలు పడేసరికి సౌండ్ ఇంజనీరు భుజాలు ముడుచుకోవడం నాకు వెనకనుంచి కనిపించింది. దీపాలు వెలిగాయి.

"అబ్బ!" అన్నారు నిర్మాతగారు. "మొహం చూపించకుండా చంపేశాడుగా. అమ్మాయ్, నువ్వు చేశావా ఇది? సోమవారం నుంచి మా ఆఫీసుకి వచ్చెయ్. తర్వాతి సినిమా నీదే."

నేను నోరు తెరిచేలోపే మా ఆయన నవ్వారు. "అబ్బే, తనకి ఇంట్లోనే సౌకర్యమండీ. అమ్మకి మోకాళ్ళ నొప్పులు, పాపని చూసుకోవాలి, బయటికొచ్చి చేయడం తన వల్ల కాదు. మీరు డిస్క్ పంపించండి, నేను దగ్గరుండి చేయిస్తాను." అద్దం ముందు అన్న మాట ఆయనకి నిజంగానే గుర్తు లేదు. ఆ నిశ్చింతైన మొహం చూస్తే నాకు కోపం కూడా రాలేదు, పరుపూ, ఇస్త్రీ బల్లా కళ్ళముందు కదిలాయి అంతే. ఆయన మంచి హుషారులో ఉన్నారు, ఇంజనీరు భుజం తట్టి, "అసలు వాడు వస్తున్న చప్పుడు చూశావూ? చెప్పక్కర్లేదు, ఎంత దుర్మార్గుడో దాంట్లోనే తెలిసిపోతోంది. ఒళ్ళు జలదరించింది నాకు" అని నావైపు తిరిగారు. "ఎక్కడ పట్టావోయ్ ఇది?"

"మన ఇంట్లోనేనండీ," అన్నాను. "మొన్న సాయంత్రం మీరు ఇంటికి రావడం."

ఆయన పకపకా నవ్వారు. తోడు ఎవరూ నవ్వలేదు. ఇంజనీరు తన మీటల వంక చూస్తూ కూర్చున్నాడు. నిర్మాతగారు మాత్రం మా ఆయన కాళ్ళవైపు చూశారు, బూట్లవైపు.

"ఏదీ, మళ్ళీ వెయ్యి," అన్నారాయన.

ఇంజనీరు బొమ్మ లేకుండా చప్పుడు ఒక్కటే వేశాడు. కారు తలుపు. గేటు. బూట్లు. దగ్గు దగ్గర ఆయన చెయ్యి తెలియకుండానే గొంతు మీదికి వెళ్ళింది. తాళాలు పడి, ఆ తర్వాత మా ఇంటి నిశ్శబ్దం ఆ పెద్ద పెద్ద స్పీకర్లలో వినిపించింది. నేను రోజూ ఒక్కదాన్నే వినే ఆ నిశ్శబ్దాన్ని ఆ రోజు నలుగురం విన్నాం.

"ఇందులో భయపడ్డానికేముంది?" అన్నారాయన, చాలా చిన్నగా.

అడిగింది నన్నే. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆయన అడిగినదానికి నేను జవాబు వెతుక్కోకపోవడం అదే మొదటిసారి. నిర్మాతగారి వైపు తిరిగి, "సోమవారం పొద్దున్నే వచ్చేస్తానండీ" అన్నాను.