ఈశాన్యంలో వంటిల్లు

బుల్లియ్య ఉద్యోగజీవితమంతా ఇళ్ల ప్లాన్లు గీయడంలోనే గడిచింది. అయినా రాజమండ్రిలో ఆయన గీసింది గీసినట్టు లేచిన ఇల్లు ఒక్కటీ లేదు. ఇంటివారు సిద్ధాంతిగారిని వెంటబెట్టుకుని వచ్చేవారు. ఆయన వేలు చూపిన మూలకు వంటిల్లు జరిగేది, మెట్లు తిరిగేవి, గాలి వచ్చే కిటికీ గోడైపోయేది. వాస్తు మీద బుల్లియ్యకు నమ్మకం లేదు. కొన్నేళ్లు వాదించి, ఆ తరువాత వాదించే ఓపిక లేక, చెప్పినట్టే చెరిపి గీశాడు.

రిటైరయ్యాక మేనల్లుడు ప్రసన్నకుమార్ ఒక కంప్యూటర్ గేము తెచ్చి ఇచ్చాడు. అందులో ఆడేవాడు దొంగ. చీకట్లో నక్కుతూ, అడుగుల చప్పుడు వినిపించకుండా కాపలావాళ్లను దాటిపోవాలి. ఆ గేము మీద మమకారమున్నవాళ్లు సొంతంగా కొత్త ఇళ్లు కట్టి ఇంటర్నెట్‌లో పెడతారనీ, దేశదేశాలవాళ్లు వాటిలో దొంగతనాలు చేస్తారనీ తెలిసిన రోజునుంచి బుల్లియ్య కుర్చీ వదల్లేదు. ఆ ఇళ్లకు సిద్ధాంతి రాడు.

ఆయన ఒక మండువా లోగిలి కట్టాడు. నుయ్యి ఈశాన్యంలో ఉంటే వంటిల్లు ఆగ్నేయంలో పెట్టి ఆడవాళ్లచేత నీళ్లు మోయించడమేమిటన్నది ఆయన పాత ప్రశ్న. అందుకని వంటింటిని నూతి పక్కనే పెట్టాడు. ఇనప్పెట్టె తాళంచెవి ఆ వంటింట్లో మేకుకు వేలాడుతుంది. ఇక మిగిలింది ఒక్కటే: ఎవరూ ఏమీ చెప్పకుండా ఒక మనిషి ఆటను చివరిదాకా ఆడగలగాలి. అలా ఆడగలిగితేనే ఆ ఇళ్లను ఇంటర్నెట్‌లో పెట్టే వెబ్‌సైటువాళ్లు తీసుకుంటారు.

కాకినాడలో ఎరువుల కంపెనీలో పనిచేసే ప్రసన్నకుమార్ ఆదివారం మధ్యాహ్నం వచ్చి కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. మండువాలో పడుతున్న వెన్నెలను తప్పించుకుని, వసారా నీడలో చక్కగా నడిచాడు. ఆపైన, తెర మూలనున్న దిక్సూచి చూసుకుని, తిన్నగా ఆగ్నేయపు గదిలోకి వెళ్లి కాపలావాళ్ల చేతికి చిక్కాడు. మళ్లీ ఆడితే మళ్లీ అక్కడే చిక్కాడు.

"తాళంచెవి వంటింట్లో ఉందని ఆట మొదట్లోనే రాశాను కదరా," అన్నాడు బుల్లియ్య.

"వంటిల్లేది మావయ్యా? అక్కడ కాపలావాళ్లు చుట్టలు కాల్చుకుంటున్నారండి."

"వంటిల్లు అక్కడుంటుందని నీకెవరు చెప్పారు?"

"ఒకరు చెప్పాలాండీ?"

"వాస్తు నమ్ముతావా నువ్వు?"

"నమ్మనండి. ఆకలేస్తే మాత్రం అటే వెళ్తానండి."

కాఫీ తెచ్చిన బుల్లియ్య భార్య సత్యకుమారి, "మీ మావయ్య ఇంట పడ్డ దొంగ కూడా పస్తుండాల్సిందేరా," అంది.

ప్రసన్నకుమార్ కుర్చీ వెనక్కి జరిపాడు. "ఆ రెండు గదులూ అటూ ఇటూ మార్చేయండి మావయ్యా. చిన్న పనే కదా."

ఈ మాట బుల్లియ్య ఎంతమంది నోట విన్నాడో. మెడ నొప్పిగా ఉంది. మౌసు మీద చెయ్యి వేశాడు, తీసేశాడు. తప్పు తనదేనని ఒప్పుకోవలసి వచ్చింది. వంటిల్లని పోల్చుకోవడానికి ఈశాన్యపు గదిలో ఆయన పెట్టిన ఆనవాలు ఏదీ లేదు. గోడలు పడకగది గోడల్లా తెల్లగా ఉన్నాయి. తాను ఆధారం చూపకుండానే ఎదుటివాడు నమ్మకం వదులుకోవాలని ఆశించాడు.

ఆ వారమంతా ఆధారాలు పేర్చాడు. గుమ్మం పైన మసి పూశాడు. నూతినుంచి గుమ్మందాకా తడి అడుగులు వేశాడు. చప్పుడు రికార్డు చేయడానికి సత్యకుమారిని పెరట్లో రోలు ముందు కూర్చోబెట్టాడు.

"గ్రైండరుండగా రోట్లో రుబ్బించే మనిషిని మిమ్మల్నే చూశాను. ఇంతకీ ఈ పప్పు ఎవరికండీ?"

"దొంగకి."

మరుసటి ఆదివారం ప్రసన్నకుమార్ తన ఆఫీసులోని దుర్గాసాయిని వెంటబెట్టుకొచ్చాడు. అతనికి ఏమీ చెప్పలేదు. అతనూ వసారా నీడలో నడిచి, ఆగ్నేయం వైపే తిరిగాడు. బుల్లియ్య కళ్లు మూసుకున్నాడు.

ఆటలో అడుగుల చప్పుడు ఆగింది. ఎక్కడో రోట్లో పొత్రం తిరుగుతున్న చప్పుడు. దుర్గాసాయి అటు తిరిగి, తడి అడుగులు చూసి, వాటి వెంబడి నెమ్మదిగా వెళ్లి తాళంచెవి అందుకున్నాడు. ఇనప్పెట్టె ఖాళీ చేసి, పెరటి గోడ దూకేశాడు.

"చాలా బాగుందండి," అన్నాడు దుర్గాసాయి. "ఒక్కటే అండి. ఈశాన్యంలో వంటిల్లేంటండి? ఆగ్నేయానికి జరిపేస్తే సరిపోద్ది కదండి."

బుల్లియ్య వంటింటిని అక్కడే ఉంచాడు. ఆటను సీడీలోకి ఎక్కించుకుని, చెప్పులు వేసుకుని, వెబ్‌సైటుకు పంపడానికి నెట్‌సెంటర్‌కు బయలుదేరాడు.