పదిహేడు అంగలు

కుమగాయ్ సదావో మడమతో మూడోసారి గీకాడు. బూటు జర్రున జారింది గానీ చప్పుడు రాలేదు. రన్‌వే మీద అణిగిపోయిన మంచు మంచిదైతే మడమ కింద కరకరమంటుంది. కాస్త తడిస్తే పిచపిచమంటుంది. ఏమీ అనకుండా ఊరుకుందంటే కింద గట్టి గడ్డ, దాని మీద కంటికి ఆనని నీటిపొర ఉన్నట్టే. మార్చి నెల ఎండ పొద్దున మంచును కరిగించింది. మధ్యాహ్నం సముద్రపు గాలి తిరిగి దాన్ని బిగించేసింది. రన్‌వే తూర్పు కొసన దేవదారు చెట్ల నీడ పడేచోట ఇది ప్రతి ఏడూ జరిగేదే.

మంచు తోసే బండి పక్కన ఆగింది. అద్దం దించి తోషికో తల బయట పెట్టింది.

"ఏంటన్నా, మంచుతో డాన్సా?"

"దిగి చూడు, నువ్వూ ఆడతావు."

"నేను పడితే లేపడానికి క్రేను కావాలి. ఇంతకీ అంకె ఎంత?"

"మొదటి రెండు ముక్కలూ మూడు. ఈ కొస ఒకటి."

"ఒకటే! మన మేనేజరు నుమాజిరి గారు టీ కూడా తాగలేరు ఇవాళ."

షిరోనుమా విమానాశ్రయంలో రన్‌వేని మూడు ముక్కలుగా చూస్తారు. ఒక్కో ముక్కకీ ఒక్కో అంకె. ఆరంటే పొడి నేల, సున్నా అంటే దిగొద్దని. సదావో పసుపుపచ్చ కారు వెనక ఒక బుల్లి చక్రం ఉంటుంది. అది నేలను రాసుకుంటూ పోయి పట్టు ఎంతుందో చెబుతుంది. ఇవాళ అది తూర్పు కొసకి కూడా మూడే చెప్పింది. మంచు రెండు పొరలైతే ఆ చక్రం మోసపోతుందని సదావోకి తెలుసు. కొలిచే మనిషికి అనుమానం వస్తే అంకె తగ్గించవచ్చని నియమం కూడా ఉంది. అతను 'ఒకటి' అని రాసి, కారణం గడిలో 'మడమ కింద చప్పుడు లేదు' అని చేర్చాడు.

అరవై ఆరేళ్ళ మనిషి. పొట్టి, మెడ భుజాల్లోకి కుంగిపోయి ఉంటుంది. ఎప్పుడో మంచు కొరికిన ఎడమచెవి తమ్మె ఊదారంగులో గట్టిపడింది. వేసవిలో బంగాళాదుంపలూ చక్కెర దుంపలూ పండిస్తాడు. నేల గడ్డకట్టిన నాలుగు నెలలూ ఇక్కడ పని. ఇరవై తొమ్మిది శీతకాలాలు ఈ రన్‌వేని మడమతో గీకాడు, విమానం మాత్రం ఒక్కసారీ ఎక్కలేదు. మామగారు పోయినప్పుడు కూడా రైల్లోనే వెళ్ళాడు. దిగిన ప్రయాణికులు ఆవలిస్తూ, టోపీలు సర్దుకుంటూ, పిల్లల్ని కసురుకుంటూ పోతుంటే దూరం నుంచి చూస్తాడు. వాళ్ళలో ఒక్కరికీ అతని పేరు తెలియదు. తెలియకపోవడమే తన పని బాగా జరిగినట్టు అని భార్య ఫుమియేతో అంటాడు. ఆ ఒక్క గర్వం తప్ప మరేమీ లేదతనికి.

ఆఫీసులో నుమాజిరి ఆ కాగితాన్ని రెండు చేతులా అందుకున్నాడు. నలభై దాటిన మనిషి, కిందటి ఏప్రిల్‌లో హెడ్ ఆఫీసు నుంచి వచ్చాడు. మర్యాదకి లోటు చేయడు. అతని వెనక గోడ మీద పలక: 'ఈ శీతకాలం వెనుదిరిగిన విమానాలు: సున్నా'. దాని కింద నూట మూడు రోజులని రాసి ఉంది.

"కుమగాయ్ గారూ, ఒకటి పెడితే రెండున్నర విమానం దిగకుండా వెనక్కి పోతుంది. నూట నలభై ఎనిమిది మంది ఉన్నారందులో."

"అందుకేనండి పెట్టాను."

"'చప్పుడు లేదు' అంటే పైవాళ్ళకి నేనేం చెప్పేది?"

"చప్పుడు లేదని చెప్పండి."

"యంత్రం మూడంటోంది కదా."

"యంత్రానికి మడమలు లేవండి."

నుమాజిరి నవ్వాడు. నవ్వి, తల వంచాడు. "సరే, నేను చూసుకుంటాను. మీరు పొద్దుట్నుంచీ ఏమీ తిన్నట్టు లేదు, వెళ్ళి తినండి."

సదావో నమ్మాడు. చూసుకుంటానని అంత మర్యాదగా చెప్పిన మనిషిని నమ్మకుండా ఎలా ఉంటాడు? కారులో కూర్చుని, ఫుమియే కట్టిచ్చిన ఉప్పుచేప అన్నం ముద్ద విప్పాడు. రెండో ముద్ద సగంలో ఉండగా రేడియోలో మాట వినిపించింది. దూరాన ఏదో నగరంలో కూర్చున్న అమ్మాయి పైలట్‌కి అంకెలు చదువుతోంది. మూడు, మూడు, మూడు.

అన్నం ముద్ద పక్కన పడేశాడు. మైకు అందుకునేసరికే విమానం చక్రాలు నేలను తాకాయి.

మొదటి ముక్కలో మంచు పొగలా లేచింది. రెండో ముక్కలో ఇంజన్లు వెనక్కి తోస్తూ గర్జించాయి, వేగం తగ్గింది. మూడో ముక్కలోకి వచ్చాక గర్జన అలాగే ఉంది గానీ విమానం ఆగడం లేదు. ముక్కు కొద్దిగా ఎడమకి తిరిగింది. సదావో తనకి తెలియకుండానే కుడికాలితో కారు బ్రేకు తొక్కుతున్నాడు, తొక్కి పట్టుకున్నాడు. విమానం రన్‌వే కొసన ఎర్రదీపాల దగ్గరి దాకా వెళ్ళి, వాటిని దాటకుండా ఆగింది.

రేడియోలో పైలట్ గొంతు ఒకటే మాట చెప్పింది. "ఆఖర్న బ్రేకులు లేవు. అసలు లేవు."

రన్‌వే మూసేశారు. విమానం నడిచినంత నెమ్మదిగా వచ్చి నిలబడింది. ప్రయాణికులు ఆవలిస్తూ, టోపీలు సర్దుకుంటూ దిగారు. ఒకాయన "ఏం లాండింగండీ, భలే ఊపాడు!" అని నవ్వాడు కూడా. సదావో కారు దిగి నేరుగా ఆఫీసుకి నడిచాడు. ఇరవై తొమ్మిదేళ్ళలో ఇంత కోపం రావడం అతనికే కొత్తగా ఉంది.

ఆఫీసు బల్ల మీద రెండు కాగితాలున్నాయి. మొదటిది రెండింటికి రాసినది. అందులో తూర్పు కొస అంకె మూడు. 'చప్పుడు లేదు' అన్న మాట లేదు. కింద ఎర్రగా, గుండ్రంగా 'కుమగాయ్' అన్న ముద్ర. సంతకానికి బదులు వేసే శీతకాలపు పనివాళ్ళ ముద్రలన్నీ ఆఫీసు సొరుగులోనే పెట్టే అలవాటు. మాటిమాటికీ మంచులోంచి రానక్కర్లేదని, పనివాళ్ళ మేలు కోసమే అని చెబుతారు. రెండో కాగితం రెండు నలభైకి రాసినది. అంకె ఒకటి. కారణం: 'వాతావరణంలో హఠాత్తుగా మార్పు'. దాని కింద ముద్ర ఇంకా పడలేదు.

"హఠాత్తుగానా?" అన్నాడు సదావో.

"ఏం కాలేదు కదా, కుమగాయ్ గారూ. అందరూ క్షేమం. ఇక దీన్ని పెద్దది చేయడం ఎందుకు?"

"ఏం కాలేదు కాబట్టి నాది తప్పయిందా?"

"తప్పని ఎవరన్నారండీ?"

"మీరు వేసిన ముద్ర అంటోంది. అది నా పేరండీ! నేను రాయని అంకె కింద నా పేరు. ఇవాళ ఏదైనా అయి ఉంటే ఆ నూట నలభై ఎనిమిది మంది ఇళ్ళవాళ్ళూ చూసేది ఈ పేరే. మీ పేరు ఎక్కడుంది ఇందులో? చూపించండి!"

నుమాజిరి మళ్ళీ తల వంచాడు. ఆ వంగడం చూస్తే సదావోకి ఒళ్ళు మండింది. తిట్టే మనిషైతే తిట్టి కడుపు చల్లార్చుకోవచ్చు. వంగిన తలని ఏం చేయాలి?

సొరుగు తెరిచి, పది ముద్రల్లోంచి తనది తీసి జేబులో వేసుకున్నాడు.

"అది లేకపోతే రేపు కాగితాలు ఎలా?"

"రేపు నేను రానండి."

బయట తోషికో బండి దగ్గర నిలబడి ఉంది. అంతా విన్నట్టే ఉంది ముఖం.

"తొమ్మిది రోజులే ఉంది సీజను. ఓర్చుకోరాదా అన్నా?"

"ఇవాళొక్కరోజే ఓర్చుకోలేకపోయానమ్మాయ్."

"మరి ఆ కొస ఎవరు చూస్తారు?"

సదావో కారు తలుపు తెరిచాడు. మూసిన రన్‌వే చివరిదాకా ఒకసారి వెళ్ళొస్తానని రేడియోలో చెప్పి, కారు తీసుకెళ్ళాడు. పావుగంటలో తిరిగొచ్చి, తాళం కొక్కేనికి తగిలించి, నడుచుకుంటూ గేటు దాటాడు.

మర్నాడు పొద్దున కొత్త మంచు పడింది. పలక మీద సున్నా అలాగే ఉంది, రోజులు నూట నాలుగయ్యాయి. తోషికో తూర్పు కొసన మంచు తోస్తూ చటుక్కున బండి ఆపింది. రన్‌వే అంచుకి అవతల, మంచు గట్టులో, ఒక చెక్క బద్ద నిలువుగా గుచ్చి ఉంది. అలాంటివి ఉంటే పీకేయాలని నియమం. ఆమె దిగి, దాని మీద మంచు చేత్తో తుడిచింది. నల్ల సిరాతో, వంకర అక్షరాలు: 'ముందు చక్రం ఇక్కడ ఆగింది. ఎర్రదీపాలకి పదిహేడు అంగలు.'

తోషికో దాన్ని పీకలేదు. బండి ఎక్కి, దాని చుట్టూ తిప్పి పోనిచ్చింది. బద్ద మీద అక్షరాల కింద, ఎర్రగా, గుండ్రంగా, 'కుమగాయ్' అన్న ముద్ర ఉంది.