మేస్త్రీ చేతి బెల్లం

దగ్గు తెర ఆగేలోపు నాన్న రెండుసార్లు మంచంపట్టె పట్టుకున్నాడు. కూతురు ఒక చేత్తో ఆయన వీపు నిమురుతూ, రెండో చేత్తో గిన్నె పట్టుకుని కూర్చుంది. గుమ్మంలో మిల్లు మేస్త్రీ చెప్పులు విప్పకుండా నిలబడి, ఈ దగ్గు ఎప్పుడాగుతుందా, తన మాట ఎప్పుడెత్తుదామా అని చూస్తున్నాడు.

మేస్త్రీ వచ్చిన పని ఆ ఇంట్లో అందరికీ తెలుసు. రాళ్ళ మిల్లులో కొత్త కోతయంత్రాలు దిగాయి. వాటి మీద పని నేర్పడానికి యజమాని కొంతమందిని తీసుకుంటున్నాడు. నేర్చుకున్నన్నాళ్ళూ సగం జీతం, ఆ తర్వాత ఖాయంగా ఉద్యోగం. ఆ పిల్ల మనసేమో ఊరి చివర శిక్షణ కేంద్రంలో నేర్పే మోటారు వైండింగు మీద ఉంది. కాలిపోయిన మోటారు విప్పి కొత్త తీగ చుట్టే పని. అక్కడ ఏడాదిపాటు పైసా రాదు. తర్వాత ఉద్యోగం దొరికితే దొరికినట్టు. అక్కడ పేరివ్వడానికి ఆ సాయంత్రమే ఆఖరు. తల్లి మిల్లులో రాతిపొడి ఊడ్చి తెచ్చే కూలితోనే ఇల్లు గడుస్తోంది.

"ఏమాలోచించావమ్మాయ్? నోటిదాకా వచ్చిన కూడు ఎవరన్నా కాలదన్నుకుంటారా?" అన్నాడు మేస్త్రీ.

ఆమె గిన్నె కింద పెట్టి నాన్న మూతి తుడిచింది.

మేస్త్రీ జేబులోంచి కాగితం పొట్లం తీసి విప్పాడు. నిమ్మకాయంత బెల్లం ముక్క. ఆ మిల్లులో పొద్దుగూకే వేళకి మనిషికో ముక్క పెడతారు. అది తింటే గొంతులో పట్టిన రాతిపొడి కిందికి జారిపోతుందని అందరి నమ్మకం. ముక్కుకి మంచి ముసుగులు కొనివ్వడంకన్నా బెల్లం చవకని యజమానికి తెలుసు. పనివాళ్ళకు తెలిసిందల్లా దాని తీపి. కొత్తవాళ్ళు మేస్త్రీ చేతి ముక్క అందుకుంటే చాలు, పనిలో చేరినట్టే. అందుకున్నాక వెనక్కి తగ్గినవాళ్ళు లేరు.

"తీసుకో తల్లీ," అన్నాడు నాన్న, మాటమాటకీ ఊపిరి వెతుక్కుంటూ. "నీ ముక్క నువ్వే తిను. నాలాగా ఎవరికోసమూ దాచకు. తినుంటే నాకీ గతి పట్టేది కాదు."

 చిన్నప్పుడు ఆమె రోజూ వీధి మలుపులో ఎదురుచూసేది. మిల్లు నుంచి ఒళ్ళంతా తెల్లటి పొడితో వచ్చే నాన్న, జేబులోంచి ఆ ముక్క తీసి తన నోట్లో పెట్టేవాడు. ఆయన మందు తనే తినేసిందని ఎన్నిసార్లు ఒంటరిగా ఏడ్చిందో. ఆయన మాట వింటే ఆ పాపం కొంతైనా పోతుందనిపించింది. చెయ్యి సగం చాచింది కూడా.

"బాబాయ్, నాన్న పక్కనే పనిచేసిన పెదనాన్న రోజూ తినేవాడు కదా?"

"తినకేం! అడిగి ఇంకో ముక్క పెట్టించుకునేవాడు," అని నవ్వాడు మేస్త్రీ.

"మరి ఆయనా ఈ దగ్గుతోనే ఎందుకు పోయాడు?"

మేస్త్రీ నవ్వు ఆగింది. "ఎవరి రాత వాళ్ళది. నన్నడిగితే?"

చాచిన చెయ్యి వెనక్కి తీసుకుంది. "నేను రాను బాబాయ్. మోటార్ల పని నేర్చుకుంటా."

"నీ ఇష్టం. నువ్వు నేర్చుకునే ఏడాదీ మీ అమ్మ ఆ పొడిలోనే ఊడవాలి. అది కూడా ఆలోచించుకో."

ఆ ఆలోచనే రాత్రంతా ఆమెను నిద్రపోనివ్వలేదు.  కళ్ళలో నీళ్ళు నిండాయి గానీ చెయ్యి మాత్రం ముందుకు రాలేదు. మేస్త్రీ ముక్కను స్టూలు మీద పెట్టి, మనసు మారితే తినమని వెళ్ళిపోయాడు.

కాసేపటికి తల్లి భోజనానికి వచ్చి, లోపలికి రాకముందే తలగుడ్డ విప్పి దులుపుకుంటున్న చప్పుడు వినిపించింది. నాన్న స్టూలు వైపే చూస్తున్నాడు. అప్పటికే బెల్లం ముక్కకి చీమలు పట్టాయి.

"అయితే... అది మందు కాదంటావా?" అని అడిగాడు.

ఆమె ఆయన చెయ్యి తన ఒళ్ళోకి తీసుకుంది.

"బెల్లమే నాన్నా. చాలా తియ్యగా ఉండేది."