కాళ్ల కింద మైనం

పొద్దున ఏడింటికి రంగుల గది తలుపు తీశాక రోస్విత చేసే మొదటి పని కాఫీ పెట్టడం. రెండో పని ఊరిని చూడడం. కిటికీలోంచి కనిపించే ఊరిని కాదు, గది మధ్యలో ఎనిమిది బల్లలు కలిపి వేసినంత వేదిక మీదున్న ఊరిని. చర్చి, రొట్టెల కొట్టు, వాగు మీద వంతెన, స్టేషను, కొండ, కొండలో సొరంగం. మా ఊరు హేసల్‌బాఖ్ మొత్తం బొమ్మగా అక్కడే ఉంది, మనుషులతో సహా. ఒక్కొక్క మనిషీ వేలి గోరంత.

జెంకర్ బొమ్మ రైళ్ల కంపెనీ పెట్టిన బ్రూనో జెంకర్ దాన్ని కట్టి తొంభై ఏళ్లు దాటింది. ఊళ్లో బిడ్డ పుడితే, బాప్తిస్మం నాటికి రంగుల గది ఆడవాళ్లు ఓ బొమ్మ చేసి అందులో నిలబెడతారు. ఏటా క్రిస్మస్ ముందు నెలలో అందర్నీ ఒక్కొక్కరుగా తీసి వయసు దిద్దుతారు. ఒకరికి నెరిసిన జుట్టు, ఇంకొకరికి చేతికర్ర, రొట్టెల కొట్టు ఊవెకి ఏడాదికింత పొట్ట. బొమ్మల కాళ్ల కింద బంక పెట్టరు. అగ్గిపుల్ల తలంత మైనం చుక్క పెడతారు. అది బ్రూనో కాలం నాటి రూలు. మిగతా ప్రపంచమంతా బంకతో అతికిస్తుంది. అతికించుకోనీ. మా ఊరివాళ్లు కదలాలి కదా!

ఎందుకంటే సాయంత్రం నాలుగూ పదికి బండి వస్తుంది. కరెంటున్నా లేకపోయినా వస్తుంది. ఆకుపచ్చ ఇంజను, మూడు పెట్టెలు. సొరంగంలోంచి వచ్చి, స్టేషన్లో ఓ నిమిషం ఆగి, ఇవతల కొండలోకి పోతుంది. ఆ కొండ వెనక గోడ తప్ప మరేం లేదు. ఊరు విడిచి వెళ్లాల్సినవాళ్ల బొమ్మలు ఆ రోజు పొద్దుటికే వాటంతటవే ప్లాట్‌ఫారం మీద నిలబడి ఉంటాయి. లైప్‌జిగ్‌లో ఉద్యోగం వచ్చినవాళ్లు పెట్టెతో, ఆయువు తీరినవాళ్లు చిన్న చేతిసంచితో. తిరిగొచ్చేవాళ్లు ముందురోజే దిగుతారు. అసలు రైలు పట్టాలు పాతికేళ్ల కిందటే పీకేసి సైకిళ్ల బాట వేశారు. అయినా మా ఊరికి బండి లేదని ఎవరూ అనుకోలేదు.

సెప్టెంబరులో ఓ మంగళవారం ఆ బండిలోంచి ఎర్ర కోటు వేసుకున్న కుర్రాడు దిగాడు. నెత్తి నిండా జుట్టు.

"ఎవడే వీడు?" అంది పక్క బల్ల మీద ఇంజన్లకి గీతలు గీసే మార్లిస్.

"ఫాల్కో. పంతొమ్మిదేళ్లప్పుడు వెళ్లాడు చూడు, మన పాత యజమాని కొడుకు. ఇక్కడ లేడు కదా, మనం వయసు దిద్దలేదు."

"అయితే రేపు వస్తాడన్నమాట. నేను కేకు చేస్తానే."

"చెయ్. వాడి నాన్న అంత్యక్రియలకి పొద్దున వచ్చి సాయంత్రానికే పోయినవాడికి కేకెందుకు లేదు!"

మార్లిస్ చేసింది. మూడు పొరల కేకు, పైన గుడ్డు మీగడ, మధ్యలో జున్ను. బుధవారం పదింటికి ఫాల్కో జెంకర్ వచ్చాడు. నలభై ఏడేళ్లు, నడినెత్తిన అరచేయంత బట్టతల, చంకలో లాప్‌టాప్. కేకు తిన్నాడు. రెండో ముక్క కూడా తిన్నాడు. మూతి తుడుచుకుని, "ప్రియమైన సహోద్యోగులారా," అన్నాడు.

అంతే, అందరికీ అర్థమైపోయింది. ఆ గదిలో ఎవరూ ఎవరినీ అలా పిలవరు.

నెలాఖరుకి మూసేస్తున్నామన్నాడు. యుద్ధంలో కప్పు ఎగిరిపోతే గోనెలు కప్పుకుని రంగులేశారు ఇక్కడ. ఆ తర్వాత తూర్పు జర్మనీ ప్రభుత్వం ఫ్యాక్టరీని లాక్కుని, బ్రూనో కొడుకునే గుమస్తాగా కూర్చోబెట్టింది. పద్దెనిమిదేళ్లకి ఆ ప్రభుత్వమే లేకుండా పోయింది, రైళ్లు ఉన్నాయి. అంతమంది మూయలేనిదాన్ని ఒక లాప్‌టాప్ మూసింది, అదీ కేకు అరక్కముందే.

"ఈ కాలం పిల్లలు రైళ్లతో ఆడుకోవడం లేదండీ," అన్నాడు ఫాల్కో బాధగా మొహం పెట్టి.

"ఎప్పుడాడారు? ఆడేది వాళ్ల నాన్నలు. ఆ సంగతి తెలియకుండానే ఈ కంపెనీకి వారసుడివయ్యావా?" అంది రోస్విత.

ఆయన నవ్వేసి, ఒక్కొక్కరికీ ఒక అట్టపెట్టె ఇచ్చాడు. కృతజ్ఞతా సూచకంగానట. రోస్విత మూత తీసి చూస్తే ఇంజను, దాని పక్కన ఆవిడ పోయిన వారం తన చేత్తో రంగులేసిన డ్రైవరు.

"నలభై మూడేళ్లు కళ్లు పొడుచుకుని నేను వేసిన రంగుని నాకే బహుమతిగా ఇస్తున్నావా? సిగ్గనేది కూడా అమ్మేశావా, లేక అది ఇంకా బేరంలో ఉందా?"

"రోస్విత గారూ, భావోద్వేగాలు అర్థం చేసుకోగలను."

"ఏమీ అర్థం చేసుకోలేవు. ఊరిని ఏం చేస్తున్నావు, అది చెప్పు."

వేదికని హాంబుర్గ్ దగ్గర బొమ్మ రైళ్లు సేకరించే ఒకాయన కొన్నాడు. ఎనిమిది ముక్కలుగా కోసి తీసుకెళ్తాడు. మనుషులతో సహా.

"బండి ఆగిపోదు కదా," అన్నాడు ఫాల్కో ఓదార్పుగా. "నాలుగూ పదికి అక్కడ కూడా వస్తుంది."

"ఎక్కాల్సినవాళ్లం ఇక్కడుంటే?"

"ఒప్పందంలో దాని గురించి ఏమీ రాసుకోలేదండీ."

నెలలో ఆఖరి రోజు గురువారం. తాళంచెవి అప్పగించడానికి వెళ్లిన రోస్విత అలవాటు కొద్దీ ఊరిని చూసింది. ప్లాట్‌ఫారం మీద వాళ్లమ్మ ఎల్‌ఫ్రీడ నిలబడి ఉంది. నీలం గళ్ల అంగీ, చేతిలో చిన్న సంచి.

తొంభై ఒక్కేళ్లు. రోస్వితకి ముందు ఆ కుర్చీలో కూర్చుని మొహాలు దిద్దింది ఎల్‌ఫ్రీడే. ఆరు నెలలుగా మంచం మీద ఉంది, ఒళ్లంతా నొప్పులు. రోస్విత వంగి చూసి, "సరే అమ్మా, మంచి రోజే చూసుకున్నావు," అని ఇంటికొచ్చింది. అమ్మ జుట్టు దువ్వింది, దిండు మార్చింది, చెయ్యి పట్టుకుని కూర్చుంది.

నాలుగూ పది అయింది. నాలుగుంబావు అయింది. ఎల్‌ఫ్రీడ ఊపిరి గొంతులో చిక్కుకుని, లోపలికీ వెళ్లక బయటికీ రాక, ఓ పాత తలుపులా కిర్రుమంది.

"రోసీ, తలుపు తెరిచారే. ఎక్కుదామంటే కాళ్లు రావట్లేదు. నా కాళ్లు ఎవరు పట్టుకున్నారు?"

ఆ రాత్రంతా ముసలామె అదే ప్రశ్న అడుగుతూనే ఉంది.

శుక్రవారం పొద్దున రంగుల గది దగ్గరికెళ్తే తలుపు బార్లా తెరిచి ఉంది. ఫాల్కో చొక్కా చేతులు మడుచుకుని, తన పనితనానికి తానే మురిసిపోతూ నిలబడ్డాడు. బల్ల మీద ఖాళీ బంక గొట్టాలు పదమూడు. ఇనప సామాన్ల కొట్లో దొరికే రకం, రెండు సెకన్లలో పట్టేసేది.

"మూడు వందల పన్నెండు మందినీ అతికించేశాను," అన్నాడు. "మైనం మీద నిలబెట్టారేంటండీ, లారీలో ఒక్కడూ మిగలడు. తాతగారి పిసినారితనం అనుకుంటా. నిన్న మధ్యాహ్నం మూడింటికల్లా పూర్తి."

రోస్విత వేదిక వైపు అడుగేసింది.

"ప్లాట్‌ఫారం మీద మా అమ్మ నిలబడి ఉంది కదరా."

"ఎవరో సంచి పట్టుకున్న ముసలావిడ ఉంది. అతికించాను."

"ఎవరో? నీకు నాలుగేళ్లప్పుడు మీ అమ్మ ఆస్పత్రిలో ఉంటే, నీ ముక్కు తుడిచి జావ పట్టింది ఆ 'ఎవరో'నే. జరుగు. మా అమ్మని విడిపించుకుంటాను."

ఫాల్కో అడ్డం నిలబడ్డాడు. మొరటుగా కాదు, మర్యాదగా. మర్యాదస్తులు అడ్డం నిలబడితే తోసెయ్యడం మరీ కష్టం. "సోమవారం లారీ వస్తుంది. ఇది ఇప్పుడు కొన్నవాళ్ల సొత్తు. నేను సంతకం పెట్టాను. మీకు తాకే హక్కు లేదండీ. కావాలంటే వాళ్లకి ఉత్తరం రాయండి."

"ఉత్తరమా! ఆవిడ చావలేకపోతోందిరా!"

"నన్ను అర్థం చేసుకోండి."

అర్థం చేసుకోమనడం ఎంత సుఖం! ఊపిరి ఆడక కొట్టుకుంటున్న మనిషి పక్కన కూర్చునేవాళ్లు అర్థం చేసుకోవాలి, సంతకం పెట్టినవాడు పెట్టి ఊరుకోవచ్చు. రోస్విత బంక గొట్టాలకేసి ఓసారి, ప్లాట్‌ఫారం మీద బల్ల పక్కన నిలబడ్డ ఎర్ర కోటుకేసి ఓసారి చూసి వెళ్లిపోయింది.

ఆ మధ్యాహ్నమే ఫాల్కో కారెక్కి డ్రెస్డెన్‌కి బయల్దేరాడు. వంతెన దాటాడు, రంపపు మిల్లు దాటాడు, ఊరు అయిపోయిందని దాని పేరు మీద ఎర్ర గీత గీసి ఉన్న బోర్డు దాటాడు. దాటగానే ఎదురుగా చర్చి కనిపించింది, దాని ముందు ఊవె రొట్టెల కొట్టు. మళ్లీ వెళ్లాడు. మళ్లీ చర్చి. మూడోసారి కారు వదిలి సైకిళ్ల బాట మీద నడిచి వెళ్లాడు. అదే చర్చి, అదే కొట్టు. ఊవె మెట్ల మీద చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు.

"ఏం ఫాల్కో, తిరిగి తిరిగి ఆకలేసిందా? మా అల్లుడు కూడా పొద్దుట్నుంచి నాలుగుసార్లు ఇలాగే వచ్చాడు. వాడికి లైప్‌జిగ్‌లో ఈరోజు ఉద్యోగం ఇంటర్వ్యూ."

శనివారం పొద్దున ఆరున్నరకి రోస్విత ఇంటి తలుపు చప్పుడైంది. గుమ్మంలో ఫాల్కో, గడ్డం గీసుకోకుండా. లోపలి గదిలోంచి ఎల్‌ఫ్రీడ ఊపిరి కిర్రుమనడం ఆయనకీ వినిపించింది. తల దించుకున్నాడు.

"రోస్విత పిన్నీ," అన్నాడు. చిన్నప్పుడు అలాగే పిలిచేవాడు. "అందులో నేను కూడా ఉన్నానా?"

"స్టేషన్లో, బల్ల పక్కన. ఎర్ర కోటు."

"ఆ కుర్రాడా? వాణ్ని... అతికిస్తున్నప్పుడు ఎవడో టికెట్ కొనుక్కునేవాడు అనుకున్నాను."

"నీ మొహాన్నే నువ్వు గుర్తుపట్టలేదు. ఇక మా అమ్మని ఏం గుర్తుపడతావులే."

"గోళ్ల రంగు తుడిచే మందు ఉంటుంది కదా, ఓ చుక్క వేస్తే..."

"వేస్తే మనిషి కరిగిపోతుంది. ఆ బొమ్మలు దేంతో చేస్తారో కూడా తెలీదు నీకు! గోరువెచ్చని సబ్బునీళ్లు, సన్న సూది, ఓపిక. ఒక్కొక్కరికీ మూడు గంటలు పడుతుంది. మార్లిస్‌ని పిలుస్తాను, ఇంట్లో కూర్చుంటుంది. తాళంచెవి ఇటివ్వు."

ఆయన ఇచ్చాడు. ఒప్పందం మాటెత్తలేదు.

రోస్విత తన కుర్చీలో కూర్చుని భూతద్దం కంటికి బిగించుకుంది. అమ్మ ఎడమ కాలు దగ్గర సబ్బునీటి చుక్క వేసి, ఆగి, సూది మొనతో గీకి, మళ్లీ చుక్క వేసింది. ఫాల్కో నీళ్లు వేడి చేసి తెస్తూ ఉన్నాడు. ఎడమ కాలుకే మధ్యాహ్నమైంది. బంక బూటు అంచుదాకా పాకడంతో అనుకున్న మూడు గంటలు చాలలేదు. కుడి కాలు మూడున్నరకి కదిలింది. పాత బంకంతా గీకేసి రోస్విత మైనం ఉండ తీసింది. అగ్గిపుల్ల తలంత చుక్క పెట్టి అమ్మని నిలబెట్టింది. అంగీ అంచున పోయిన నీలం రంగుని ఒంటి వెంట్రుక కుంచెతో దిద్దింది.

"ఇప్పుడు రంగెందుకు పిన్నీ?"

"చిరుగు అంగీతో పంపిస్తానా?"

నాలుగూ పదికి సొరంగంలోంచి బండి వచ్చింది. ఆగింది. రోస్విత రెప్ప వేసి తెరిచేసరికి ప్లాట్‌ఫారం మీద ఓ మైనం చుక్క మాత్రమే ఉంది. బండి కదిలి కొండలోకి వెళ్లిపోయింది. రెండు నిమిషాలకి ఫోను మోగింది. "సుఖంగా పోయిందే," అంది మార్లిస్. "నిట్టూర్చి, 'అమ్మయ్య, కాళ్లొచ్చాయి' అంది. అంతే."

రోస్విత భూతద్దం తీసి కళ్లు తుడుచుకుని, మళ్లీ బిగించుకోలేదు. సూది ఫాల్కో ముందు పెట్టింది.

"మరి... నన్ను?"

"రంగుల గది మూతబడింది కదా. నీ సంతకంతోనే. నేను ఇంటికి వెళ్తున్నాను, అమ్మ దగ్గర ఉండాలి. ఇంకా మూడు వందల పదకొండు మంది ఉన్నారు. అతికించింది నువ్వు, విడిపించేదీ నువ్వే. రేపు నేనొచ్చి చెయ్యి ఎలా పట్టుకోవాలో చూపిస్తాను. ముందు ఊవె అల్లుడు. నువ్వు అందరికంటే చివర."

సోమవారం లారీ వచ్చింది. బంక మరకలు చూసి కొన్నవాడి మనిషి ముక్కు చిట్లించాడు, ఫొటోలు తీసుకున్నాడు, ఖాళీ లారీతో వెళ్లిపోయాడు. ఆ డ్రైవరుకి బోర్డు దాటాక చర్చి కనపడలేదు, అతను మా ఊరివాడు కాదు.

కంపెనీ తెరుచుకోలేదు. అద్భుతాలకి కూడా హద్దుంటుంది. జెంకర్ పేరున్న బోర్డు దించేశారు, అచ్చుల్ని తుక్కుకి వేశారు, ఆడవాళ్లు పదకొండు మందీ తలో దారీ వెతుక్కున్నారు. మార్లిస్ ఇప్పుడు మందుల షాపులో అట్టపెట్టెలు సర్దుతోంది. ఇంజను మీద వెంట్రుకవాసి గీత గీసిన చెయ్యి అది. ఆ సంగతి తల్చుకుంటే నాకిప్పటికీ ఒళ్లు మండుతుంది.

రంగుల గదిలో మాత్రం దీపం వెలుగుతూనే ఉంది. ఫాల్కో రోజుకి ఇద్దర్ని విడిపిస్తాడు, చెయ్యి బాగున్న రోజు ముగ్గుర్ని. ప్రతి మనిషినీ తీసేముందు ఎవరో అడిగి తెలుసుకుంటాడు. తప్పు పేరు చెప్తే రోస్విత సూది లాక్కుంటుంది.

క్రిస్మస్ ముందు నెల వచ్చింది. ఓ సాయంత్రం రోస్విత, ఇంకా అతుక్కునే ఉన్న ఎర్ర కోటు కుర్రాడి మీదకి వంగింది. ఎరుపు మీద బూడిదరంగు స్వెట్టరు వేసింది. కళ్ల కింద సంచులు దిద్దింది. నడినెత్తిన అరచేయంత బట్టతల, బొమ్మ కొలతలో చుక్కలో పావు వంతు, పెట్టి, భూతద్దం ఫాల్కోకి అందించింది.

"చూడు. ఇప్పుడు గుర్తుపడతావా?"

ఆయన చాలాసేపు చూశాడు. ఈలోగా నాలుగూ పది బండి వచ్చి, ఆగి, తలుపులు తెరిచి, మూసుకుని వెళ్లిపోయింది. ఫాల్కో తలెత్తలేదు. పక్కనున్న బొమ్మని చూపించి, "ఈవిడ బడిలో లెక్కలు చెప్పిన గుడ్రున్ టీచరు కదూ?" అని అడిగాడు. రోస్విత ఔనన్నాక, ఆమె ఎడమ కాలు దగ్గర సబ్బునీటి చుక్క వేశాడు.