కోలుకుంటున్న మజ్జ

జూన్ పదకొండు. ఆ ఉదయం ఆమె నిలబడే తిన్నది ఒక రొట్టెముక్క, ఉడికించిన గుడ్డులో సగం. మిగతా సగాన్ని అత్తగారు కొడుకు పళ్ళెంలోకి తోసింది. "వాడు బుర్రతో పనిచేసేవాడమ్మా. నీకేం, వాడి వెనకాల కూర్చోవడమేగా."

కూర్చునేది ఒకే ఆస్పత్రిలో, ఒకే పరీక్షల విభాగంలో. ఇద్దరూ డాక్టర్లే, చదువూ ఒకటే. ఆయన పై అధికారి. మైక్రోస్కోపులో చూసి రిపోర్టు రాస్తాడు. ఆమె యంత్రం మీద కణాలను పరీక్షించి, ఆయన రాసినదాని కింద సంతకం పెడుతుంది. ఇన్నేళ్ళూ అలాగే నడిచింది.

ఆ రోజు వచ్చింది లుకేమియా అనే రక్త క్యాన్సర్‌కి కీమో పూర్తయిన ఆరేళ్ళ పాప ఎముక మజ్జ. నిండా ఇంకా ఎదగని పసికణాలు, చూపుకి క్యాన్సర్ కణాల్లాంటివే.

"జబ్బు తిరగబెట్టింది. రేపే మళ్ళీ కీమో. కళ్ళు మూసుకుని చెప్తాను," అన్నాడు భర్త.

"ఒకసారి తెరిచి ఇది చూడండి."

కణాల ఒంటిమీది గుర్తులకు రంగులు అంటించి, లేజరు వెలుగులోంచి ఒక్కొక్కదాన్నే నడిపించింది ఆమె. క్యాన్సర్ కణాలైతే ఎదగడం మానేసి ఒకేచోట గుంపు కడతాయి. ఇక్కడ యంత్రం తెర మీద కణాల చుక్కలు పసితనం నుంచి పెద్దరికం దాకా వరసగా, వంపు తిరిగి సాగాయి. దారి తప్పిన గుర్తు ఒక్కటీ లేదు. మందుల దెబ్బ నుంచి మజ్జ లేచి నిలబడుతోంది, అంతే.

"ఇంట్లో నస చాలక ఇక్కడ కూడానా? సంతకం పెట్టు. ఎప్పుడూ పెట్టేదేగా," అన్నాడు, తెర వైపు తల తిప్పకుండానే.

ఎప్పుడూ పెట్టేదే. కూరలో ఉప్పు చాలదంటే తన నాలుకే తప్పనుకుంది. నలుగురిలో "మా ఆవిడకి రంగుల పిచ్చి" అని ఆయన నవ్వితే తనూ నవ్వింది. తగ్గడం అలవాటైపోయి, అదే తన స్వభావమని కూడా నమ్మింది. అయితే అలా తగ్గినందుకు ఇవాళ మూల్యం చెల్లించేది తను కాదు. రేపు సూది గుచ్చేది ఆ పిల్ల చేతికి.

ఆయన ఎదుటే వార్డు డాక్టరుకి ఫోన్ చేసింది. "కీమో వద్దండీ. అవి కోలుకుంటున్న కణాలు. కొన్ని వారాలాగి మళ్ళీ చూద్దాం. రిపోర్టు నా ఒక్కదాని సంతకంతో పంపుతున్నాను."

"బతికించారు. వాళ్ళమ్మకి ఎలా చెప్పాలా అని కూర్చున్నాను," అందా డాక్టరు.

రాత్రి అత్తగారు గుమ్మంలోనే అందుకుంది. "మొగుణ్ణి పదిమందిలో తలదించుకునేలా చేశావటగా."

"తప్పని తేలితే నీ ఉద్యోగం నేనే ఊడగొడతాను," అన్నాడు భర్త.

"తేలితే అలాగే చెయ్యండి. మీరు రాసినదాని కింద మాత్రం ఇక నా సంతకం ఉండదు."

ఆమెకు నిజంగానే నిద్ర ముంచుకొస్తోంది. తలగడ తీసుకుని పక్క గదిలోకి వెళ్ళి, చప్పుడు కాకుండా తలుపు వేసుకుంది.