ఇచ్చాను, తీసుకున్నాను

విమానం ఎగరెయ్యడం నేర్పిన మొదటిరోజే జాకబ్ తన చెల్లెలు రూబీకి ఒక అలవాటు నూరిపోశాడు. రెండు రిమోట్లు, మధ్యన వైరు. ఆమె చేతిలో థర్మోకోల్ విమానం అదుపు తప్పితే అతను తన రిమోట్‌లోకి లాక్కునేవాడు. తిరిగి అప్పజెప్పేటప్పుడు "ఇచ్చాను" అనేవాడు. ఆమె "తీసుకున్నాను" అని గట్టిగా అనేదాకా వదిలేవాడు కాదు. ఎవరి చేతిలో ఉందో తెలియని విమానం ఎవరి నెత్తిన పడేదీ తెలియదని అతని వాదన.

అంత చాదస్తపు మనిషీ ఒక్క పూటలో రెండు సూత్రాలు తుంగలో తొక్కాడు. ఒంటరిగా ఎగరేశాడు. చేపల చెరువులో పడ్డదాన్ని తెచ్చుకోవడానికి తానే నీళ్ళలో దిగాడు. అడుగున బురద కాళ్ళు పట్టేసింది. పెదపాడు అవతల ఆ చెరువు గట్టు మీద అతని రిమోట్ మాత్రం మిగిలింది. రెండు నెలలు గడిచినా రూబీకి అన్న మీద దుఃఖం కంటే కోపమే ఎక్కువ.

ఇప్పుడు ఆమె భయమంతా వదిన నిర్మల గురించే. ఆవిడకు అన్నం సహించదు. కాస్త ఏమరితే చాలు, వెళ్ళి ఆ నీళ్ళవంక చూస్తూ కూర్చుంటుంది. అటు చూస్తే వలలు వేసి చేపలు పట్టే పట్టుబడికి పదిరోజులే ఉంది, నీటికాకులు తమ చెరువులో చేపల్ని ఊడ్చేస్తున్నాయి. వాటిని విమానంతో తోలాలి. ఒంటరిగా ఎగరెయ్యకూడదు, వదినను ఇంట్లో ఒంటరిగా వదలనూకూడదు. అందుకని తోడు రమ్మంది. నీళ్ళకు భయపడి మనిషిని నీళ్ళ దగ్గరికే తీసుకెళ్ళడం ఏం తెలివో! నిర్మల జాకబ్ రిమోట్‌ను ఒళ్ళో పెట్టుకుని గట్టు మీద కూర్చుంది. దానికి వైరు లేదు. బ్యాటరీ రూబీయే ఎప్పుడో తీసేసింది.

ఇంకా గాలి లేవలేదు. రూబీ ముందు రిమోట్, తర్వాత విమానం ఆన్ చేసింది. రెక్కల కదలిక చూసుకుంది. మంచు విడేదాకా ఆగవలసింది, ఆగలేదు. విసిరి, రెండు తప్పులు చేసినా నేల తగలనంత ఎత్తుకు తీసుకెళ్ళింది. నీటికాకులు లేచిపోయాయి. విమానం మంచులో కలిసిపోయింది.

తిరిగి కనిపించేసరికి అది ఎదురుగా వస్తోంది. ఎదురొచ్చే విమానానికి కుడి ఎడమలు తారుమారవుతాయి, కొత్తవాళ్ళు బోల్తా పడేది అక్కడే. రూబీ కూడా రిమోట్ మీది స్టిక్ తప్పువైపు తోసింది. విమానం ఒరిగి సూటిగా నిర్మల తల మీదికి దూసుకొచ్చింది.

అప్పుడు రూబీ చేతిలో స్టిక్ పనిచెయ్యడం మానేసింది. విమానం తనంతట తానే తల ఎత్తింది. నిర్మల జుట్టు కదిలేంత దగ్గరగా దాటి, జాకబ్ తిప్పే తీరులోనే ఎడమకు తీరిగ్గా తిరిగి, చెరువు నడిమధ్య మెత్తగా దిగింది. అతను దొరికింది అక్కడే. రూబీ రిమోట్ ఆపేసింది. ప్రొపెల్లరు ఆగలేదు. విమానం నీళ్ళ మీద నెమ్మదిగా గుండ్రంగా తిరగసాగింది.

"ఆయనే రూబీ," అంది నిర్మల లేస్తూ. రెండు నెలల తర్వాత ఆవిడ ముఖంలో నవ్వు. "నాకోసం ఆగారు, చూడు."

మోకాళ్ళ లోతుకు దిగిపోయింది. రూబీ పరుగెత్తి మణికట్టు పట్టుకుని లాగింది. అటునుంచి ఎవరో అంతే బలంగా లాగుతున్నారు. బతిమాలింది, తిట్టింది, ప్రభువును తలుచుకుంది. లాభం లేకపోయింది. అప్పుడు అన్న చాదస్తం గుర్తొచ్చింది. అవతలివాళ్ళు ఆ మాట అనేదాకా అతను వదలడు. ఆరోజు అనడానికి గట్టు మీద ఎవరూ లేరు.

"తీసుకున్నాను అన్నయ్యా," అంది. అది గొణుగుడులా వచ్చింది. గట్టిగా అనకపోతే అతను ఒప్పుకోడు. "తీసుకున్నాను. వదినను నేను తీసుకున్నాను. ఇంక వదిలెయ్యి."

ప్రొపెల్లరు ఆగింది. నిర్మల చెయ్యి ఒక్కసారిగా తేలికై ఇద్దరూ గట్టు మీద వెల్లకిలా పడ్డారు. రెండు నెలల్లో మొదటిసారి నిర్మల వెక్కి వెక్కి ఏడ్చింది.

విమానం కోసం ఎవరూ దిగలేదు. ఇంటికెళ్ళే దారిలో నిర్మల జాకబ్ రిమోట్‌ను రూబీ వైపు చాచింది. బ్యాటరీ లేని ఆ రిమోట్ వెచ్చగా ఉంది.

"ఇచ్చాను," అంది.

రూబీ "తీసుకున్నాను" అనేదాకా ఆవిడ దాన్ని వదల్లేదు.